హనుమకొండ నుంచి కాళేశ్వరం దాకా రాళ్ల టూర్: డబ్బులు పెట్టి వెళ్లొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, వెళ్లొచ్చు. ముఖ్యంగా 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నరకు భూకంపం వచ్చి ఇల్లు ఊగితే పిల్లల్ని ఎత్తుకుని వాకిట్లోకి ఉరికినవాళ్లు, ఆ తర్వాత వారం రోజులు వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మెసేజ్ చదివి ఇంకా టెన్షన్ పెంచుకున్నవాళ్లు, ములుగు, భూపాలపల్లి, మంథని దిక్కు ఇల్లు కట్టుకునే ఆలోచనలో ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లాలి. మనిషికి 1,800 రూపాయలు, పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం అందులోనే. హనుమకొండలో తెల్లవారుజామున ఆరింటికి టెంపో ట్రావెలర్ ఎక్కితే ములుగు, పాలంపేట, గణపురం, భూపాలపల్లి, కాటారం మీదుగా కాళేశ్వరం దాకా తీసుకెళ్లి రాత్రికి మళ్లీ హనుమకొండలో దింపుతారు. నడిపేది చిన్న బృందం: బొగ్గు గనుల్లో జియాలజిస్టుగా చేసి రిటైరైన ఒక సారు, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు. నచ్చనివి కూడా రాస్తున్నాను కాబట్టి పేర్లు పెట్టడం లేదు.

ఈ టూర్ దేని గురించి అంటే, మన గోదావరి లోయ కింద ఉన్న ఫాల్టుల గురించి. భూమి పగిలి ఒక పక్క కిందికో పైకో జరిగిన చోటును ఫాల్ట్ అంటారు, బొగ్గుబాయిలో పనిచేసిన వాళ్ల ఇళ్లలో ఈ మాట కొత్త కాదు. మా మేనమామ గోదావరిఖనిలో బాయి దిగినన్నాళ్లూ ఇంటికొచ్చి "ఇయ్యాల ఫాల్ట్ తగిలింది" అన్నాడంటే ఆ రోజు బొగ్గు తక్కువ, కష్టం ఎక్కువ అని మా అత్తకు అర్థమైపోయేది. కానీ ఆ ఫాల్ట్ ఎక్కడి నుంచి వచ్చింది, ఆ డిసెంబరు భూకంపానికీ దానికీ ఏమైనా చుట్టరికం ఉందా అన్నది మాకెవరూ చెప్పలేదు. ఈ టూర్‌లో అది రాయి మీద చెయ్యి పెట్టించి చెప్తారు. టీవీ చర్చల్లో గంటలకొద్దీ కూర్చున్నా దొరకని సంగతి అది.

మొదటి స్టాప్ ఊళ్లోనే, పద్మాక్షి గుట్ట. రోజూ చూసే గుట్టే కదా అని సగం మంది ఫోన్లు తీశారు. సారు మాత్రం అందర్నీ ఆ గ్రానైటు మీద నిలబెట్టి ఒక్క విషయమే చెప్పారు: దాదాపు 250 కోట్ల ఏళ్ల ఈ రాయే మన నేలకు అడుగు, భూపాలపల్లి కాడికి పోయేసరికి ఇదే అడుగు కిలోమీటర్ల లోతుకు దిగిపోయి ఉంటుంది, అది ఎట్లా దిగిందో సాయంత్రం దాకా చూస్తాం అని. రోజంతటికీ ఇంత సూటిగా ఒక ప్రశ్న పెట్టుకుని బయల్దేరడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఆ తర్వాత ఎక్కడ బండి ఆగినా ఎందుకు ఆగిందో చిన్నపిల్లలకు కూడా తెలుస్తోంది.

ములుగు దాటాక గుట్టల తీరు మారుతుంది. గుండ్లు గుండ్లుగా పేర్చినట్టుండే గ్రానైటు పోయి, పొరలు పొరలుగా ఉన్న రాయి మొదలవుతుంది. మన పాఖాల చెరువు పేరుతోనే పిలిచే పాఖాల రాళ్లు ఇవి, వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటిని దాటి ఇంకా తూర్పుకు పోతే గోండ్వానా రాళ్లు, అంటే మన బొగ్గు ఉన్న రాళ్లు. దాదాపు 29 కోట్ల ఏళ్ల కింద మన నేల, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా అన్నీ ఒక్కటే ఖండంగా ఉన్న రోజుల్లో ఇక్కడ నేల రెండు పక్కలకూ సాగడం మొదలైంది. సాగిన చోట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరసగా పగుళ్లు పడ్డాయి, పగుళ్ల మధ్య ఉన్న నేల కొద్దికొద్దిగా కుంగింది, కుంగిన చోటికి నదులు ఇసుక తెచ్చి నింపాయి, నింపిన బరువుకు ఇంకా కుంగింది. ఇలా కోట్ల ఏళ్లు జరిగి మూడు కిలోమీటర్లకు పైగా ఇసుకా బంకమన్నూ పేరుకున్నాయి. అందులో అడుగున ఉన్నవి మంచు కాలం నాటి రాళ్లు, వాటి మీద బొగ్గు పొరలున్న ఇసుకరాయి, దాని మీద డైనోసార్ల కాలం నాటి ఎర్రమట్టి రాళ్లు.

ఇక్కడ సారు చెప్పిన మాట నా మనసులో అట్లాగే ఉండిపోయింది. చెట్లు ఎక్కడైనా పెరుగుతాయి, చచ్చి కుళ్లిపోతాయి, అక్కడితో అయిపోతుంది. అవి బొగ్గు కావాలంటే కుళ్లకముందే మునిగి, మట్టి కింద పూడిపోవాలి, అంటే నేల ఆగకుండా కుంగుతూ ఉండాలి. ఆ కుంగుడు ఫాల్టుల వల్లే జరిగింది. 1871లో జియోలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టడం, 1889లో తవ్వకం మొదలవడం, ఆ తర్వాత కొత్తగూడెం, రామగుండం, మందమర్రి, భూపాలపల్లిలో ఇన్ని వేల కుటుంబాలు బతకడం, అంతా ఆ పగుళ్ల పుణ్యమే. బాయిలో మా మామను సతాయించిన ఫాల్టూ ఆ కుటుంబంలోదే. ఇంతకాలం రెండూ వేరువేరు సంగతులనుకున్నవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు, 1,800 గిట్టుబాటైనట్టే.

రామప్ప దగ్గర ముప్పావు గంట ఆపారు. ఇది నాకు అంత నచ్చలేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని, 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడిని అంత హడావుడిగా చూపించేకంటే అసలు ఆపకపోవడం మేలు. ఇసుక పునాది గురించి, గర్భగుడి పైనున్న విమాన గోపురానికి వాడిన తేలిక ఇటుకల గురించి కుర్రాడు గడగడా చెప్పుకుంటూ పోయాడు, అవి ఏ గైడైనా చెప్తాడు. పనికొచ్చింది ఒక్కటే: ఎర్రటి ఇసుకరాయి, నున్నగా చెక్కిన నల్లరాయి ఒకే గుడిలో పక్కపక్కనే ఉన్నాయి, గ్రానైటు నేలా ఇసుకరాయి నేలా కలిసే పట్టీలో మనం ఉన్నామని గుర్తుపట్టడానికి అది చక్కటి ఉదాహరణ. లోపల నేల ఎత్తుపల్లాలుగా ఉందేమిటి, పాత భూకంపమేనా అని ఒకాయన అడిగితే, గుడి చుట్టూ చాలా కథలు చెప్తారు, నేను మాత్రం ఆధారం చూడకుండా ఏ భూకంపం పేరూ చెప్పను అని సారు తేల్చేశారు. అట్లా చెప్పే గైడును నేను ఇంతకుముందు చూడలేదు.

అసలు మజా గణపురం దాటాక, రోడ్డు నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే వాగు గట్టు. చూడ్డానికి మామూలు ఇసుకరాయి గట్టు, మనిషెత్తు ఉంటుంది. లేత గోధుమ రంగు రాయిలో బొటనవేలు మందాన తుప్పు రంగు పొర ఒకటి అడ్డంగా, తిన్నగా పోతుంది. పోతూ పోతూ ఒకచోట తెగిపోతుంది. తెగిన దగ్గర ఏటవాలుగా ఒక సన్నటి పగులు, పగులు అవతల అదే తుప్పు రంగు పొర జానెడు కిందికి జారి మళ్లీ మొదలై పోతుంది. ఇంతే. కానీ ముందుగా ఏమీ చెప్పకుండా సారు అందర్నీ గట్టు ముందు నిలబెట్టి "ఏం కనిపిస్తోంది" అని అడిగి ఊరుకున్నారు. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు, తర్వాత తొమ్మిదో తరగతి చదివే ఒక పాప "సార్, ఆ గీత తెగింది" అంది. ఎటు జారింది, ఎంత జారింది, పగులు ఎటు వాలి ఉంది అని ఒక్కొక్కటీ ఆ పాపతోనే చెప్పించారు.

దాని తర్వాత ఒక చిన్న సూత్రం చెప్పారు, ఇంటికొచ్చాక మా వాళ్లందరికీ నేను చెప్పుకున్నది అదే. వాలుగా ఉన్న పగులు మీద ఏ ముక్క కూర్చుని ఉందో చూడు. అది కిందికి జారి ఉంటే ఇక్కడ నేలను రెండు పక్కలకు లాగారని అర్థం, పైకి ఎక్కి ఉంటే రెండు పక్కల నుంచి నొక్కారని అర్థం. మొదటిది నార్మల్ ఫాల్ట్, రెండోది రివర్స్ ఫాల్ట్. మన లోయ సాగి పుట్టింది కాబట్టి ఇక్కడ ఎక్కువగా కనిపించేవి మొదటి రకం. పగులుకు దగ్గరగా వచ్చేసరికి తుప్పు పొర కొస కొంచెం వంగి ఉండటం కూడా చూపించారు. రాయి జారేటప్పుడు పక్క పొరను తనతో పాటు ఈడ్చుకుపోతుందట, ఆ వంపును బట్టి తెగిన పొర అవతల పైన ఉందా కింద ఉందా అని చెప్పొచ్చు.

పక్కనే ఊడిపోయిన ఒక రాతి పలకను తీసి మా చేతికిచ్చారు. పగులు వెంట రెండు రాళ్లు ఒరుసుకుని ఒరుసుకుని నున్నగా అయిన ముఖం, దాని మీద ఒకే దిక్కుకు సన్నటి గీతలు. పిల్లి వీపు నిమిరినట్టే ఉంది, ఒక దిక్కుకు రాస్తే చెయ్యి జారిపోతుంది, ఎదురు రాస్తే గరుగ్గా తగులుతుంది. చెయ్యి జారిన దిక్కే అవతలి ముక్క జారిన దిక్కు అని చెప్పి, ఇదొక్కటే నమ్ముకోకండి, పొరలు కూడా చూసి నిర్ధారించుకోండి అని కూడా చెప్పారు. ఆ పలకను ఒకాయన బ్యాగులో వేసుకోబోతే తీయించి మళ్లీ అక్కడే పెట్టించారు, రేపొచ్చేవాళ్లకు చూపించడానికి ఏముంటుందని. మంచి పని.

భోజనం భూపాలపల్లిలో ఒక మెస్సులో. అన్నం, పప్పు, కోడికూర, పచ్చిపులుసు. బాగుంది.

ఓపెన్‌కాస్ట్, అంటే నేలను పైనుంచే తవ్వుకుపోయే గని, చూపించిన తీరు మాత్రం బాగా లేదు. రోడ్డు పక్క ఎత్తైన చోటు నుంచి దూరంగా చూపించారు, లోపలికి వెళ్లడానికి అనుమతి లేదన్నారు, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ అంతమందికి ఒక్కటే బైనాక్యులర్ తెస్తే ఎట్లా? మెట్లు మెట్లుగా తవ్విన గనిలో నల్లటి బొగ్గు పొర కనిపిస్తోంది, అది ఒకచోట తెగి మెట్టు దిగినట్టు కింద మొదలవుతోందని సారు చెప్తున్నారు, బైనాక్యులర్ చేతికొచ్చినవాళ్లకు కనిపించింది, మిగతావాళ్లు దుమ్ములో కళ్లు చిట్లించుకుని "ఆ, ఆ" అంటున్నారు. ఇంకో మూడు కొనండి దయచేసి. లేదా పెద్ద ఫోటో ఒకటి తీసి, దాని మీద గీతలు గీసి బండిలో అందరికీ పంచినా చాలు.

అయితే ఆయన అక్కడ చెప్పిన బాయి కబుర్లు వినదగ్గవి. అండర్‌గ్రౌండులో గ్యాలరీ, అంటే బొగ్గులో సొరంగం, తోలుకుంటూ పోతుంటే బొగ్గు ఉన్నట్టుండి ఆగిపోయి ఎదురుగా రాయి నిలబడుతుంది. ఫాల్ట్ అవతల బొగ్గు రైజు వైపు పైకి పోయిందా, డిప్పు వైపు కిందికి పోయిందా, ఎన్ని మీటర్లు అన్నది తేల్చుకోకుండా ఒక్క అడుగు వేసినా రాయి తవ్వడమే అవుతుంది. అందుకే ముందుగా పైనుంచి బోర్లు వేసి ఫాల్టులన్నీ మ్యాపు మీద గీసుకుంటారు, చాలా బాయిల హద్దులు పెద్ద ఫాల్టుల దగ్గరే ఆగిపోతాయి. ఫాల్ట్ దగ్గర పైకప్పు నలిగిపోయి ఉంటుంది, నీళ్లు కూడా ఆ పగులు వెంటే దిగుతాయి, కాబట్టి ప్రమాదం ఎక్కువ. కర్రతో పైకప్పు కొట్టి చూసేవాళ్లని మా మామ చెప్పేవాడు, గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైన రాయి డొల్ల శబ్దం చేస్తుంది. సారు కూడా సరిగ్గా అదే చెప్పేసరికి నాకు చాలా ఆనందమేసింది. బాయిలో చేసినవాళ్లకు తెలిసిన విద్యను చదువుకున్నవాళ్లు ఇంత గౌరవంగా చెప్పడం అరుదు.

కాళేశ్వరం చేరేసరికి బాగా ఆలస్యమైంది, అరగంటే దొరికింది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, అవతల ఒడ్డు సిరొంచ, మహారాష్ట్ర. ఇక్కడి నుంచి గోదావరి ఆగ్నేయానికి తిరిగి భద్రాచలం వైపు పోయే దారి ఆ పాత కుంగిన పట్టీ వెంటే పోతుంది. మ్యాపులో నది గీత మీద స్కేలు పెట్టి చూపించారు. ఈ చుట్టుపక్కల ఎర్రమట్టి రాళ్లు, సున్నపురాళ్లలోనే డైనోసార్ల ఎముకలు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ ఈ లోయదే. పిల్లలు దాన్ని చూసి ఉంటారు గానీ అది మన పక్క జంతువని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. బండిలో ఉన్న పిల్లలు ఇంకా ఉందాం అని గొడవ చేశారు, న్యాయమే. రామప్ప ఆపేసి ఆ ముప్పావు గంట ఇక్కడ ఇవ్వాలి.

తిరుగు ప్రయాణంలో బండిలోనే ప్రశ్నలు, జవాబులు. అందరి నోటా ఒకటే, మళ్లీ వస్తదా? 2024 డిసెంబరుది 5.3 తీవ్రత, కేంద్రం ములుగు జిల్లా, లోతు 40 కిలోమీటర్లని నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ ప్రకటించింది. అదే మొదటిది కూడా కాదు, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది, పాతవాళ్లకు గుర్తే. బొగ్గు తవ్వడం వల్ల వచ్చిందా అని ఒకరు అడిగారు. మన బాయిల లోతు కొన్ని వందల మీటర్లు, అది పుట్టింది 40 కిలోమీటర్ల కింద, మూడు కిలోమీటర్ల గోండ్వానా రాళ్లకు కూడా ఎంతో అడుగున అని లెక్క చెప్పారు. 2024లోనే ఆగస్టు చివర్లో తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలినదాన్ని కూడా దీనికి ముడిపెట్టి కొందరు మాట్లాడారు కదా, అది గాలి చేసిన పని, దీనికీ దానికీ సంబంధం లేదన్నారు.

అయితే ఎందుకొచ్చింది? ఒకప్పుడు లాగితే తెగిన నేల ఇది, ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. మన దేశం ఉన్న భూమి పైపెంకు ముక్క (ప్లేటు) మొత్తం ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల దగ్గర ఆసియాను నెడుతోంది, ఆ ఒత్తిడి ఇంత దూరం దాకా వస్తుంది. కొత్తగా పగలడం కంటే పాత పగులు వెంట కదలడం సులువు, అందుకే దేశం మధ్యలో కూడా ఇలాంటి పాత పట్టీలే అప్పుడప్పుడు కదులుతాయి. ఎప్పుడు అని తేదీ చెప్పేవాడు ఎవడైనా అబద్ధం చెప్తున్నట్టే అని గట్టిగా అన్నారు. 2016 నాటి భూకంప మ్యాపులో తెలంగాణలో ఎక్కువ భాగం రెండో జోన్‌లో ఉంటే గోదావరి లోయ వెంట ఉన్న పట్టీ మూడో జోన్‌లో ఉంది (జోన్ నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ), అంటే భయపడి ఊరు విడిచిపోవాల్సినంత కాదు, అలాగని ఎట్లాపడితే అట్లా కట్టేసుకునేంత కూడా కాదు.

మాతో ములుగు నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. "సార్, మా దిక్కు ఇంటికి పునాది ఎంత లోతు తియ్యాలె?" అని అడిగాడు.

"అది మట్టిని బట్టి చెప్పుకుందాం గానీ, పిల్లర్లల్ల రాడ్ల సుట్టు కట్టే రింగు కొసలు ఎట్ల వంచుతరు మీరు?"

"ఎల్ మాదిరిగ వంచుతం సార్, అందరు గంతే."

"గదే వద్దు. ఇంకా లోపలికి, 135 డిగ్రీలు వంచి కొస కాంక్రీటు లోపలికి పోవాలె. ఊగినప్పుడు రింగు విప్పుకుంటే పిల్లర్ పాయె."

మేస్త్రి ఫోన్ తీసి సారుతో కాగితం మీద బొమ్మ గీయించుకుని ఫోటో తీసుకున్నాడు. పిల్లర్లు లేని ఇటుక ఇల్లయితే పునాది మీద ఒకటి, దర్వాజాలు కిటికీల పైన లింటెల్ దగ్గర ఇంకొకటి, గోడల చుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు పోయాలనీ, మూలల్లో నిలువు రాడ్లు వేయాలనీ చెప్పారు. దీనికయ్యే ఖర్చు టైల్స్‌కు పెట్టేదాని ముందు ఎంత? ఇది ప్రతి గ్రామ పంచాయతీలో కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం, ఒక టూరు బండిలో తిరుగు ప్రయాణంలో చెప్తున్నారంటే నాకు బాధేసింది కూడా.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది మ్యాపు. రాళ్ల మ్యాపు అంటే రంగులే ప్రాణం, వీళ్లు దాన్ని నలుపు తెలుపు జిరాక్సు తీసి ఇచ్చారు, గ్రానైటూ ఇసుకరాయీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. దానితో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వెళ్లేవాళ్లు ముందే జియోలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మన జిల్లాల మ్యాపు చూసుకుని ఫోన్లో పెట్టుకోండి, ఉచితమే, ఫాల్టుల గీతలు కూడా ఉంటాయి. రెండోది, కాటారం దాటాక ఆడవాళ్లకు బాత్రూం సౌకర్యం లేదు, దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని వాళ్లకు అక్కడే చెప్పాం. మూడోది మైకు, వెనక సీట్లకు సగం మాటలు వినపడలేదు.

వర్షాకాలంలో వెళ్లొద్దు, వాగు గట్టు నీళ్లలో ఉంటుంది, అది చూడకపోతే ఈ టూర్‌కు అర్థమే లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మంచిది. ఆరో తరగతి లోపు పిల్లలు మధ్యాహ్నానికే అలిసిపోతారు. బూట్లు వేసుకోండి, చెప్పులతో ఆ గట్టు ఎక్కలేరు. కాలేజీ వాళ్లు బండి నిండా బుక్ చేసుకుంటే మనిషికి 1,400కే ఇస్తున్నారు. బుక్ చేసేటప్పుడే రంగుల మ్యాపు కావాలని గట్టిగా అడగండి, నలుగురు అడిగితే ప్రింట్ చేయిస్తారు.